తండ్రిగారు అజరయ్య: ఊరికొక ఉపదేశి, పది ఊళ్లకొక గురువు



ముందుగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మీ ఫెలోషిప్‌లో వాక్యం చెప్పే అన్నకు ఈ నెలాఖరుకు ఫైనల్ ఎగ్జిట్ పడిందనుకోండి. వచ్చే శుక్రవారం కూడిక ఎవరు నడిపిస్తారు? పాటలు ఎత్తే అక్క కాన్పుకు ఊరెళ్తే ఎవరు పాడతారు? సండే స్కూల్ పిల్లలను ఎవరు కూర్చోబెడతారు?

సౌదీలో ఉంటున్న మనకు ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. ఇక్కడ చర్చి కట్టడాలు లేవు, బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. ఈ దేశపు చట్టాన్ని గౌరవిస్తూ, ఇళ్లలో నలుగురం కలిసి మౌనంగానో మెల్లగానో ప్రార్థన చేసుకుంటాం. మనలో సీఎస్ఐ వారున్నారు, లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తు వారు, బ్రదరెన్ వారు ఉన్నారు. ఇఖామా ఉన్నన్నాళ్లే మన మకాం. ఒక్క మనిషి మీద ఆధారపడి నడిచిన కూడిక ఆ మనిషి విమానం ఎక్కగానే చెదిరిపోవడం మనలో చాలామంది చూసిందే.

ఊళ్లు ఎక్కువై, గురువులు తక్కువై, గుడి లేక, డబ్బు లేక ఉన్న చోట సంఘాన్ని ఎలా నిలబెట్టాలి? ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీదే ఒకాయన ముప్ఫై ఏళ్లకు పైగా జవాబు వెతికారు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. పల్లె జనం ప్రేమగా తండ్రిగారు అని పిలుచుకున్నారు. డోర్నకల్ కథీడ్రల్ ఫొటో మనలో చాలామంది ఇళ్లలో ఉంటుంది. కానీ ఆ కట్టడం వెనక ఆయన కట్టిన అసలు కట్టడం ఏమిటో మనకు అంతగా తెలియదు. ఈసారి దాని గురించి చెప్పుకుందాం.

పల్లెటూరి గురువుగారి కొడుకు

అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో, తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం హిందూ మతం నుంచి ప్రభువును నమ్ముకుని వచ్చి, ఆంగ్లికన్ సంఘంలో పల్లెటూరి గురువుగా సేవ చేసినవారు. తల్లి పేరు ఎలెన్. అజరయ్య పదిహేనేళ్ల వయసులో ఉన్నప్పుడు తండ్రి ప్రభువు పిలుపు అందుకున్నారు. తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు కానీ చివరి పరీక్షల సమయంలో జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాలేదు.

ఆ డిగ్రీ లేని యువకుడే 1895లో వైఎంసీఏ కార్యదర్శి అయ్యారు. పద్నాలుగేళ్లు దక్షిణ భారతమంతా రైళ్లలో తిరిగి, కాలేజీ కుర్రాళ్ల మధ్య పనిచేశారు. అక్కడే అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీతో స్నేహం కుదిరింది. తెల్లవాడు, నల్లవాడు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడం అరుదైన ఆ రోజుల్లో వాళ్లిద్దరూ అన్నదమ్ముల్లా మెలిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌తో వివాహం జరిగింది.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవ యువకులు తమ సొంత చందాలతో సువార్తికులను సముద్రం దాటించి పంపుతున్నారు. అది చూసి అజరయ్య మనసు కలతపడింది. వందేళ్ల పైబడిన చరిత్ర ఉన్న తిరునెల్వేలి సంఘానికి అలాంటి సొంత మిషనరీ సంఘం అప్పటిదాకా లేదు. అన్నీ తెల్లదొరలే చూసుకుంటారన్న అలవాటు అక్కడ పాతుకుపోయింది. ఆయన తిరిగి వచ్చి, మిత్రులతో కలిసి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని మొదలుపెట్టారు. మనుషులూ మనవాళ్లే, డబ్బూ మనదే, నడిపించేదీ మనమే అన్నది దాని నియమం. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో వివిధ సంఘాల వారు కలిసి నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు ఆయన దానికి తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు.

తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో, కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో ఉన్న జంక్షన్ అది. చాలామందిమి ఆ స్టేషన్ మీదుగా పోయినవాళ్లమే.

మాటలు చెప్పినవాడే బయలుదేరాడు

అందరినీ వెళ్లమని ప్రోత్సహించిన మనిషి ఒకరోజు తనను తాను ప్రశ్నించుకున్నారు. నేనెందుకు వెళ్లకూడదు? అప్పటికి మంచి ఉద్యోగం ఉంది, దేశమంతా పేరుంది, పిల్లలున్నారు. అయినా 1909లో గురువుగా అభిషేకం పొంది, కుటుంబంతో డోర్నకల్‌కు వచ్చారు. ముప్ఫై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకుని, తెలుగులో బోధించడం మొదలుపెట్టారు. పరాయి రాజ్యంలో, రాని భాషలో, జీతం కోసం కాకుండా పనిచేయడానికి వచ్చిన తమిళుడు ఆయన. పరాయి దేశంలో రాని భాష మధ్య బతుకుతున్న మనకు ఆ కష్టం కొంత తెలుసు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అజరయ్యను మాట్లాడమన్నారు. పాశ్చాత్య మిషనరీలు భారతీయ సేవకులకు డబ్బు, శ్రమ, ప్రాణాలు కూడా ఇచ్చారని ఆయన ఒప్పుకున్నారు. అయితే సాటివాళ్లుగా చూసే స్నేహం మాత్రం ఇంకా ఇవ్వలేదని నిర్మొహమాటంగా చెప్పారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు తలదించుకున్నారు. పరిచర్యను పంచుకోవడం అంటే పనులను పంచడం మాత్రమే కాదని, ఎదుటివాణ్ణి నమ్మడమని ఆయన ఆనాడే గట్టిగా నిలిచి చెప్పారు.

రెండేళ్ల తర్వాత మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి, అజరయ్యను బిషప్‌గా నియమించాలని ప్రతిపాదించారు. భారతీయుడి కింద తెల్ల మిషనరీలు పనిచేస్తారా అని కొందరు ఎదురు తిరిగారు. మనవాళ్లలోనూ వ్యతిరేకించినవారు ఉన్నారు. చివరకు 1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. అప్పుడాయన వయసు ముప్ఫై ఎనిమిది.

ఇంగ్లండ్ పారిష్ ఇక్కడ కుదరదు

ఇక్కడ కొంచెం ఆగి ఆంగ్లికన్ పద్ధతి గురించి తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో పారిష్ అంటే గీత గీసిన ఒక ప్రాంతం. దానికో గుడి, ఆ గుడికో గురువు, ఆయన ఉండటానికో ఇల్లు, ఆయన పోషణకు పూర్వం నుంచి వస్తున్న ఆస్తి. ఆ ప్రాంతంలో పుట్టినవాడికి బాప్తిస్మం, పెళ్లి, సమాధి అన్నీ ఆ గుడిలోనే. వందల ఏళ్లుగా నిలిచిన ఏర్పాటు అది.

డోర్నకల్ పల్లెల్లో ఆ ఏర్పాటు ఎలా కుదురుతుంది? ఇక్కడ క్రైస్తవులు ఊరికి ఎడంగా ఉన్న వాడల్లో పది పదిహేను ఇళ్లుగా ఉంటారు. ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లు, కూలి నాలి చేసుకునేవాళ్లు. చదువు రాదు. గుడి కట్టుకునే స్తోమత లేదు. గురువుకు జీతం ఇవ్వలేరు. ఒక్కో ఊరికి ఒక్కో గురువును పెట్టాలంటే వందల మంది గురువులు కావాలి. ఉన్నవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

పైగా 1920 ప్రాంతంలో డోర్నకల్ డయాసిస్ ఒక్కసారిగా పెద్దదయింది. సీఎంఎస్, ఎస్పీజీ మిషన్ల కింద ఉన్న తెలుగు ప్రాంతాలను కూడా ఆయన పర్యవేక్షణ కిందికి తెచ్చారు. బందరు, బెజవాడ, ఏలూరు వైపు కృష్ణా గోదావరి మండలాలు, అటు నంద్యాల, కర్నూలు వైపు పల్లెలు, అన్నీ కలిశాయి. ఈ ప్రాంతాల్లోని మిషనరీలూ ఒకే తీరువాళ్లు కారు. ఒక మిషన్ వారిది కొంచెం ఒక పద్ధతి, ఇంకో మిషన్ వారిది ఇంకో పద్ధతి. వీళ్లందరినీ కలిపి ఒకే సంఘంగా నడిపించాల్సి వచ్చింది.

కొత్తగా ఏదో సిద్ధాంతం కనిపెట్టానని అజరయ్య చెప్పుకోలేదు. మిషన్లలో అప్పటికే ఉన్న ఉపదేశుల పద్ధతిని తీసుకుని, దాన్నే సంఘానికి వెన్నెముకగా నిలబెట్టారు.

ఎవరు ఏ పని చేయాలి

ఆ ఏర్పాటు ఇలా ఉండేది. క్రైస్తవులున్న ప్రతి ఊళ్లో ఒక ఉపదేశి ఉంటాడు. పగలు పిల్లలకు బడి చెబుతాడు. సాయంత్రం పొలం నుంచి జనం తిరిగి వచ్చాక గంట కొట్టి ప్రార్థనకు పిలుస్తాడు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి నేర్పిస్తాడు. చదువు రానివాళ్లకు పాటలే పుస్తకం. భజనలు, కీర్తనలు, కథాగానం ద్వారా యేసు ప్రభువు కథ వాళ్ల గుండెల్లోకి వెళ్లేది. బాప్తిస్మానికి, కన్ఫర్మేషన్‌కు మనుషులను సిద్ధం చేసేది కూడా ఉపదేశే. రోగి ఇంటికి వెళ్లేదీ, తగువు వస్తే పెద్దలను కూర్చోబెట్టేదీ అతనే.

ఇలాంటి కొన్ని ఊళ్లు కలిస్తే ఒక పాస్టరేట్. దానికి ఒక గురువు. ఆయన ఎడ్లబండి మీదో, సైకిల్ మీదో, నడిచో ఊరూరా తిరుగుతారు. బాప్తిస్మం, ప్రభువు బల్ల ఆయన చేతుల మీదుగా జరుగుతాయి. ఉపదేశులను నెలకోసారి పిలిచి, వాళ్ల కష్టసుఖాలు విని, వచ్చే నెలకు పాఠాలు నేర్పి పంపుతారు. పాస్టరేట్లు కలిస్తే ఒక మండలం. మండలాలన్నీ కలిస్తే డయాసిస్. ప్రతి మెట్టులోనూ సంఘ పెద్దలతో ఒక కమిటీ. బిషప్ కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు దారి మీదే. పల్లె పల్లెకూ వెళ్లి, కన్ఫర్మేషన్ ఇచ్చి, జనంతో కూర్చుని, వాళ్ల పాట విని వచ్చేవారు.

ఈ ఏర్పాటులో మీరు గమనించాల్సిన విషయాలు రెండు.

మొదటిది, పని పంచారు కానీ క్రమం చెడగొట్టలేదు. ఉపదేశి ప్రార్థన నడిపించవచ్చు, బోధించవచ్చు, కాపరిలా చూసుకోవచ్చు. సంస్కారాలు మాత్రం అభిషేకం పొందిన గురువు చేతుల మీదే. అజరయ్య ఆంగ్లికన్ బిషప్‌గా ఆ గీతను దాటలేదు. గురువు నెలల తరబడి రాలేని ఊళ్లలో ప్రభువు బల్ల లేకపోవడం ఆ జనానికి నిజంగా లోటే. ఆ లోటును పూడ్చడానికి ఆయన గీతను చెరిపేయకుండా, గురువుల సంఖ్యను పెంచారు.

రెండోది, ఆ గురువులను ఎక్కడి నుంచో తేలేదు. ఉపదేశులుగా ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసినవాళ్లలో నుంచే ఎంచుకున్నారు. ఇంగ్లిషు రాకపోయినా, డిగ్రీ లేకపోయినా, తెలుగులోనే శిక్షణ ఇచ్చి గురువులుగా అభిషేకించారు. డోర్నకల్‌లో శిక్షణకు వచ్చినవారు భార్యలతో కలిసి వచ్చేవారు. భర్తలతో పాటు వాళ్లకూ పాఠాలు. పల్లెలో ఆడవాళ్ల మధ్య పనిచేయాల్సింది వాళ్లే కదా. డోర్నకల్‌లో స్త్రీల పనికి అన్బు అమ్మగారు ముందు నిలిచారు. తెల్లబట్టల దొరగారిలా కాకుండా పల్లెవాళ్ల మధ్య పల్లెవాళ్లలా బతకగలిగే గురువులు కావాలన్నది ఆయన పట్టుదల.

ఫలితం ఏమిటో అంకెల్లో చూడండి. 1935 నాటికి డోర్నకల్ డయాసిస్‌లో 250 మంది భారతీయ గురువులు, 2,000 మందికి పైగా ఊరి ఉపదేశులు ఉన్నారు. అంటే ఒక్క గురువుకు సగటున ఎనిమిది మంది ఉపదేశులు. ఆయన కాలంలో సుమారు రెండు లక్షల మంది సంఘంలో చేరారు. గురువులే అన్నీ చేయాలని కూర్చుంటే ఇది జరిగేదా?

బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సేవకుడే

ఉపదేశులతోనే ఆయన ఆగలేదు. బాప్తిస్మం పొందుతున్న వ్యక్తి చేత తన చేయి తన తల మీదే పెట్టించి, తాను బాప్తిస్మం పొందినవాడినని, ప్రభువు గురించి చెప్పకుండా ఉండలేనని ఒప్పించేవారు. గురువులను అభిషేకించేటప్పుడు బిషప్ తల మీద చేయి పెడతారు. ఇక్కడ కూలి చేసుకునే మనిషి తన చేతిని తానే తల మీద పెట్టుకుంటున్నాడు. చదువు రాని వాళ్లకు కూడా అది అర్థమయ్యేది. డయాసిస్ అంతటా ఏటా సాక్ష్య వారం అని ఒక వారం పెట్టి, ఆడా మగా అందరూ పక్క ఊళ్లకు వెళ్లేలా చేశారు.

అయితే పల్లెల్లో జనాన్ని ఎక్కువగా కదిలించింది ప్రసంగాలు కాదు. తాగుడు మానినవాడు, భార్యను కొట్టడం మానినవాడు, చచ్చిన గొడ్డు మాంసం మానినవాడు, పిల్లను బడికి పంపినవాడు. వీళ్లను చూసి పక్కవాళ్లు ఏమైందని అడిగేవారు. అగ్రకులాల రైతులు కూడా ఆ మార్పు చూసి సంఘంలోకి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

డబ్బు విషయంలోనూ ఇదే పద్ధతి. పేదవాళ్లం, మేమేం ఇస్తాం అన్న మాట ఆయన ఒప్పుకోలేదు. వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం, కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి అర్పించడం పల్లె సంఘాలకు అలవాటు చేశారు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. ఇవ్వడం నేర్చుకున్న సంఘమే సొంత కాళ్ల మీద నిలబడుతుందని ఆయన నమ్మకం. విదేశీ సహాయం పూర్తిగా ఆగిపోయే స్థితి ఆయన కాలంలో రాలేదు. ఉపదేశుల జీతాలకు చాలా ఏళ్లు మిషన్ల డబ్బే ఆధారం. అయినా దారి మాత్రం ఆయన అటే మళ్లించారు.

కష్టాలు కూడా ఉన్నాయి

ఇదంతా నున్నగా సాగిందని అనుకోవద్దు. రెండు వేల మంది ఉపదేశుల్లో అందరూ గొప్పవాళ్లు కారు. కొందరి చదువు అంతంత మాత్రం. జనం వేలల్లో వస్తుంటే నేర్పేవాళ్లు చాలక, బాప్తిస్మం పొందినా పాత అలవాట్లు విడవనివాళ్లు మిగిలిపోయారు. మాల, మాదిగ కుటుంబాల మధ్య దూరం సంఘంలోకి వచ్చాక కూడా పూర్తిగా పోలేదు. ఒకే ప్రభువు బల్ల దగ్గరకు వాళ్లను తీసుకురావడానికి ఆయన జీవితమంతా పోరాడాల్సి వచ్చింది.

1930లలో గాంధీగారితో కూడా పెద్ద వాదన నడిచింది. దళితులు గుంపులుగా క్రైస్తవ మతంలోకి రావడం గాంధీగారికి ఇష్టం లేదు. వాళ్లకు ఆత్మ సంబంధమైన విషయాలు అర్థం చేసుకునే శక్తి లేదన్నట్టు ఎవరు మాట్లాడినా అజరయ్య ఒప్పుకోలేదు. కూలివాడికి కూడా తన దేవుణ్ణి తాను ఎంచుకునే తెలివి, హక్కు ఉన్నాయన్నది ఆయన మాట. అలాగని ఆయన బ్రిటిషువారి పక్షం మనిషి కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, మనం ఈ దేశ ప్రజల్లో భాగమేనని నిలబడ్డారు.

కథీడ్రల్ విషయమూ అంతే. ఏళ్ల తరబడి పని సాగి, 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున ప్రతిష్ఠ జరిగింది. మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, లోపల సిలువ. ఈ మట్టి మనుషులు తమది అనుకునే ప్రార్థనాలయం కావాలన్నది ఆయన కోరిక. గమనించండి, ఆయన బిషప్ అయిన ఇరవై ఆరేళ్లకు ఆ కట్టడం పూర్తయింది. అప్పటికి సంఘం చింతచెట్ల కింద, పూరి పాకల్లో, బడి గదుల్లో నిలబడి ఉంది.

ఒకే బల్ల

పల్లెల్లో పనిచేస్తుంటే ఆయనకు ఇంకో సంగతి బాధగా అనిపించింది. పక్క పక్క ఊళ్లలో ఒకరు ఆంగ్లికన్, ఒకరు మెథడిస్టు, ఒకరు లూథరన్. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో ఎప్పుడో పుట్టిన తగాదాలు తెలుగు పల్లెవాడికి ఎందుకు? 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. సంఘాలు ఒకటి కావాలని అక్కడ ఒక ప్రకటన చేశారు. దాని వెనుక ముఖ్యుడు అజరయ్య. 1927లో లొజాన్ సభలో, 1930లో లండన్ లాంబెత్ మహాసభలో ఇదే విషయం మీద మాట్లాడారు. ఎపిస్కొపసీని వదులుకోమని ఆంగ్లికన్లను ఆయన అడగలేదు. అందరి మంచినీ కలుపుకున్న ఒకే సంఘాన్ని అడిగారు.

ఆ కల నెరవేరడం ఆయన కళ్లారా చూడలేదు. 1945 జనవరి 1న, పల్లెల పర్యటన నుంచి వచ్చాక జ్వరంతో డోర్నకల్‌లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. వయసు డెబ్బై. ఆయన కాలం చేసిన ఆ నెలలోనే ఆంగ్లికన్ జనరల్ కౌన్సిల్ ఐక్యతకు ఓటు వేసింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా పుట్టింది. మనలో చాలామంది బాప్తిస్మ సర్టిఫికెట్ల మీద ఉన్న సీఎస్ఐ అన్న మూడు అక్షరాల వెనక ఆయన పాతికేళ్ల ప్రయాస ఉంది.

ఇవాళ ఇంగ్లండ్ పల్లెల్లో పరిస్థితి తలకిందులైంది. గుళ్లు ఉన్నాయి, గురువులు చాలడం లేదు. 1968లో వచ్చిన చట్టంతో అనేక పారిష్‌లను కలిపి ఒక బృందంగా సేవ చేసే పద్ధతికి అక్కడ చట్టపరమైన రూపం వచ్చింది. ఒక గురువు ఆరేడు ఊళ్లు చూసుకోవడం, ప్రతి ఊళ్లో విశ్వాసులే ప్రార్థన నడిపించడం ఇప్పుడు అక్కడ మామూలు విషయం. డోర్నకల్ ఉపదేశి ఎంతో ముందే చేసిన పనే కదా అది.

మన సంగతి

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. ఆంగ్లికన్ లెక్క ప్రకారం సౌదీ కూడా ఒక డయాసిస్‌లో భాగమే. సైప్రస్ అండ్ ది గల్ఫ్ డయాసిస్ అని 1976లో ఏర్పడింది. బహ్రెయిన్‌లోని మనామాలో దానికి కథీడ్రల్ ఉంది. ఖోబర్ వైపు ఉన్నవారు వీలైనప్పుడు కాజ్‌వే దాటి వెళ్లి అక్కడ ప్రభువు బల్లలో పాల్గొంటారు. రియాద్, జెద్దా వైపు వారికి అదీ దూరమే. సెలవు మీద ఊరెళ్లినప్పుడే సంస్కారం అందుకునేవాళ్లు మనలో ఎంతోమంది. అంటే మనం ఇప్పుడున్నది సరిగ్గా డోర్నకల్ పల్లె స్థితిలోనే. గురువు ఎప్పుడో వస్తారు, లేదా మనమే ఎప్పుడో వెళ్తాం. మిగిలిన రోజులన్నీ సంఘాన్ని కాపాడాల్సింది మనమే.

కంప్యూటర్ పని చేసే మాకు ఒక పాఠం మొదట్లోనే నేర్పుతారు. మొత్తం పని ఒకే సర్వర్ మీద పెట్టకూడదు, అది ఆగితే అన్నీ ఆగిపోతాయి. మోషేకు మామ యిత్రో చెప్పిన సలహా కూడా ఇదే కదా. నిర్గమకాండము 18వ అధ్యాయం మరోసారి చదవండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం, ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం కూడా దానితో కలిపి చదవండి.

మీ ఫెలోషిప్‌లో కూర్చుని ఈ నాలుగు విషయాలు మాట్లాడుకోమని మనవి చేస్తున్నాను.

మొదటిది, ప్రతి పనికీ ఇద్దరు ఉన్నారా? వాక్యం చెప్పే అన్న పక్కన నేర్చుకుంటున్న తమ్ముడు ఉన్నాడా? అజరయ్య గురువులను ఉపదేశుల్లో నుంచి తీశారు. రేపటి బోధకుడు ఈరోజు మీ హాల్లో చివర కూర్చుని టీ కప్పులు కడుగుతున్న కుర్రాడు కావచ్చు. క్యాంపులో ఉండి, వారం వారం రావడానికి ఇబ్బంది పడే కార్మికుడు కావచ్చు. డిగ్రీ చూసి మనిషిని కొలవకండి. అజరయ్యకే డిగ్రీ లేదు.

రెండోది, మన సోదరీమణులకు పని ఇచ్చామా, లేక వంట వరకే పరిమితం చేశామా? డోర్నకల్‌లో గురువు భార్య కూడా శిక్షణ పొందింది. ఇక్కడ ఆసుపత్రుల్లో పనిచేసే మన నర్సు అక్కలకు ఉన్న ప్రార్థనానుభవం మనలో ఎంతమందికి ఉంది?

మూడోది, ఏది మనం చేయవచ్చు, ఏది గురువుల చేతుల మీదే జరగాలి అన్న విషయంలో స్పష్టత ఉందా? మన సంఘాలు వేరు వేరు, ఈ విషయంలో నమ్మకాలూ వేరు. గొడవ పడకుండా, ఒకరి క్రమాన్ని ఒకరు గౌరవించుకుంటూ ముందే మాట్లాడుకోండి. ఊరిలోని మీ పాస్టరేట్ అయ్యగారితో సంబంధం తెంచుకోకండి. మీ పిల్లల కన్ఫర్మేషన్ క్లాసులు ఇక్కడే ఇంట్లో మొదలుపెట్టి, సెలవుల్లో అక్కడ పూర్తి చేయించండి. ఉపదేశి సిద్ధం చేస్తే బిషప్ వచ్చి కన్ఫర్మ్ చేసిన పద్ధతి ఇదే.

నాలుగోది, సాక్ష్యం. ఇక్కడ మనం వేరేవారికి ప్రకటించడానికి వీల్లేదు, ఆ హద్దు దాటకూడదు. కానీ డోర్నకల్ పల్లెల్లో జనాన్ని కదిలించింది మారిన బతుకులే అని చెప్పుకున్నాం. పనిలో నిజాయితీ, కింద పనిచేసేవాడితో మర్యాద, జీతం రాక ఇబ్బంది పడుతున్న సాటి మనిషికి ఒక పూట అన్నం. వీటికి ఏ దేశంలోనూ అనుమతి అక్కర్లేదు.

అజరయ్యగారు ఇంచుమించు ముప్ఫై రెండేళ్లు బిషప్‌గా ఉండి కూడా, తాను లేకపోయినా నడిచే సంఘాన్ని కట్టాలని చూశారు. ఆయన వెళ్లిపోయిన మర్నాటి సాయంత్రం కూడా పల్లెల్లో ఉపదేశులు గంట కొట్టే ఉంటారు, జనం పొలం నుంచి వచ్చి కూర్చునే ఉంటారు. ఇవాళ మన డయాసిస్‌లలో పదవుల కోసం కోర్టుల చుట్టూ తిరిగే వార్తలు చదివినప్పుడు మనసు నొచ్చుకుంటుంది. అప్పుడు ఆ పేరు తెలియని రెండు వేల మంది ఉపదేశులను తలుచుకోండి. మన అమ్మమ్మలకు, తాతయ్యలకు ప్రభువు ప్రార్థన నోటికి నేర్పింది వాళ్లే.

ఈ శుక్రవారం ప్రార్థనలో మన ఫెలోషిప్‌లను నడిపిస్తున్న అన్నలు, అక్కల కోసం దేవునికి స్తోత్రం చెల్లిద్దాం. వాళ్ల పక్కన నిలబడటానికి ఇంకొకరిని లేపమని అడుగుదాం. ఆ ఇంకొకరు మీరే అయితే, వెనక్కి తగ్గకండి.

ప్రభువు కృప మీ అందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.